గుమ్మం దగ్గరి ఇంగ్లీషు

అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర్నుంచి గడియార స్తంభం సెంటర్ దాకా నడిస్తే, టై కట్టుకున్న మనుషులు ఫ్లెక్సీల్లోంచి మనల్ని చూసి నవ్వుతుంటారు. కింద నడిచేవాడి చొక్కా ఉక్కకి వీపుకి అతుక్కుపోతున్నా పైనున్నాయన టై ముడి మాత్రం వదులవదు. ఆయన మనకి ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతాడు. నలభై అయిదు రోజుల్లో నేర్పేవాళ్లూ ఉన్నారుగానీ వాళ్లకి గిరాకీ తక్కువ. ఆ పదిహేను రోజులు ఎందుకు దండగని జనం లెక్క.

అలాంటి ఇన్‌స్టిట్యూట్‌లో పంచిపెట్టిన కాగితం ఒకటి నా చేతికొచ్చింది. పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, పక్కవాళ్లు పంచేదీ అదే కాగితం. జెరాక్సు మీద జెరాక్సు తీసీ తీసీ అక్షరాలు లావెక్కాయి. నెత్తిన ఒక హెచ్చరిక: ‘ఎంటర్ అనకండి!’ దానికింద రెండు వరసలు. ఎడమపక్క మాట, కుడిపక్క ఆ మాట ఎవరికి తగునో. స్టెప్ ఇన్: మర్యాదస్తులు. డ్రాప్ ఇన్: ఫ్రెండ్సు. చెక్ ఇన్: హోటలు, విమానం. వాక్ ఇన్: ఇంటర్వ్యూ. బార్జ్ ఇన్: మొరటువాళ్లు. బ్రేక్ ఇన్: దొంగలు. గేట్‌క్రాష్: పిలవని పెళ్లి. స్నీక్ ఇన్ అన్నదానికి ఎదురుగా ‘పిల్లి, ప్రేమికుడు’ అని రాసివుంది. రాసినాయనలో ఎక్కడో ఒక కవి ఉన్నాడు, ఫీజుల కింద నలిగిపోయాడు.

అన్నిటికంటే అడుగున సిద్ధాంతం ఉంది. ఒక గదిలోకి వెళ్లడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలట, తెలుగులో ఒక్కటేనట. అందుకే వాళ్లు ముందుకెళ్లారట, మనం బయటే ఉండిపోయామట.

ఆ కాగితం తెచ్చిన కుర్రాణ్ణి, ఎంటర్ అంటే ఏం పాపం రా అబ్బాయ్ అని అడిగాను. ‘ఎంటర్ అంటే పల్లెవెలుగండి. స్టెప్ ఇన్ అంటే సూపర్ లగ్జరీ అండి’ అన్నాడు. ఆర్టీసీ భాషలో ఇంత స్పష్టంగా చెప్పాక ఇంక అడగడానికేముంది?

కానీ లెక్క తలకిందులైంది. 1066లో నార్మన్లు ఇంగ్లండు మీద పడి గెలిచాక దొరల ఇళ్లలో ఫ్రెంచి కూర్చుంది. ఎంటర్ అన్న మాట ఆ ఫ్రెంచి పుట్టింటిదే. గో, కమ్, స్టెప్ అన్నవి అంతకుముందు నుంచీ ఆ నేలమీద గొర్రెలు కాసుకునేవాళ్లవి. అంటే అక్కడ దొరబాబుల మాట ఇక్కడ పల్లెవెలుగయింది, పాలేళ్ల మాట సూపర్ లగ్జరీ అయింది. ఇంగ్లీషులో ఒక్కో పనికి రెండేసి మూడేసి మాటలుండటానికి కారణం వాళ్ల తెలివి కాదు. ఎవడు పడితే వాడు వాళ్ల దేశంలో జొరబడటం, ఆ తర్వాత వాళ్లు ఎవరి దేశంలో పడితే వారి దేశంలో జొరబడటం.

తెలుగులో ఒక్కటే మాటని రాసినాయన ఎవరింట్లో పెరిగాడో నాకు తెలీదు. రెండో ఆట చూసొచ్చిన కొడుక్కి తల్లి తలుపు తీస్తూ ఏమంటుంది? ‘వచ్చి తగలడు’ అంటుంది. అదే తల్లి భోగినాడు కొత్తల్లుడికి ‘దయచేయండి బాబూ’ అంటుంది. ఓట్లకొచ్చినాయన ఫ్లెక్సీలో ‘విచ్చేస్తారు’, అరుగుమీద తాతగారి నోట్లో ‘దిగబడతాడు’. బావమరిది పెట్టెతో సహా ఊడిపడతాడు. మేక దొడ్లోకి దూరుతుంది. కోడలు కుడికాలు పెడుతుంది, ఆ వారంలోనే గేదె చచ్చిందంటే అదే కాలికి వేరే వ్యాఖ్యానం వస్తుంది. లంకల్లో వరదనీరు ‘వచ్చింది’ అనరు, ‘గడప ఎక్కింది’ అంటారు. ఎక్కితే ఏం తియ్యాలో, ఎవరిని ముందు పడవెక్కించాలో ఆ ఒక్క ముక్కలోనే ఉంటుంది.

పోనీ, తెలుగు గొప్పదనం పాడటం నా పని కాదు. సభలు పెట్టి ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అడక్కూడదు. నా గొడవ ఆ కాగితంతో.

కాగితంలో ఒక సూత్రం ఉంది. కారైతే గెట్ ఇన్, బస్సయితే గెట్ ఆన్. లోపల నిటారుగా నిలబడి నడవగలిగితే ఆన్, నడుం వంచి కూలబడాల్సివస్తే ఇన్. సూత్రం మంచిదే, ఇంగ్లండులో పనిచేస్తుంది. రావులపాలెంలో కొత్తపేట ఆటో ఎక్కి చూడండి. వెనక సీట్లో నలుగురు, వాళ్ల మోకాళ్లకెదురుగా చెక్క మీద నలుగురు, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక డిక్కీలో కాళ్లు బయటికి వేలాడేసి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, వాళ్ల మధ్య కంద దుంపల సంచి. అయినా ఆటో కదలదు. ‘మామ్మగారూ, కాస్త లోపలికి జరగండి, ఇంకొకాయనున్నారు’ అంటాడు డ్రైవరు. ‘లోపలెక్కడుంది రా నాయనా’ అంటుంది మామ్మగారు. ఇప్పుడు చెప్పండి, ఎడమ తుంటి ఒక్కటే సీటుకానించి, కుడి తుంటి గాల్లో పెట్టి, ఒక చేత్తో ఆటో రేకునీ ఇంకో చేత్తో పక్కవాడి భుజాన్నీ పట్టుకున్న ఆ ఆఖరాయన గెట్ ఇన్నా, గెట్ ఆన్నా? ఇన్‌స్టిట్యూట్ వారు తేల్చరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేటప్పుడు బస్సులోంచి దిగకుండా కూర్చుంటే ఇన్నూ ఆన్నూ రెండూ ఒకేసారి అవుతాయనుకుంటాను. ఆ బార్జ్ ఇన్ అన్నదీ పంటులాంటి బరువైన పడవలు వెళ్లి దేన్నో ఒకదాన్ని గుద్దుకోవడంలోంచే పుట్టిందట. మన పంటుని చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. అది ఎవరినీ గుద్దదు, నిండేదాకా రేవు వదలదు.

ఇదంతా నవ్వులాట. నవ్వు రానిది ఇంకోటుంది.

ఉదయం తొమ్మిది దాటాక ఏ ఇంగ్లీషు మీడియం బడి పక్కనుంచి వెళ్లినా ఒక కేక వినిపిస్తుంది. ‘మేయ్ కమిన్ టీచర్!’ మొన్నొక బడి గుమ్మంలో రెండో తరగతి కుర్రాడు నిలబడి ఉన్నాడు. టీచరమ్మగారు బోర్డు మీద రాస్తున్నారు. మేయ్ కమిన్ టీచర్. ఆవిడ వినలేదు. మేయ్ కమిన్ టీచర్. లైను పూర్తిచేసి, సుద్దముక్క విరిచి, అప్పుడు తిరిగారు. ‘వై లేట్?’ అన్నారు. కుర్రాడికి కారణం ఉంది. తెలుగులో అయితే చేతులు తిప్పుతూ చెప్పేవాడు: గేదె తాడు తెంపుకుంది, పక్కవాళ్ల కొబ్బరితోటలో పడింది, నాన్న ఊళ్లో లేడు, అమ్మా తనూ కలిసి తోలుకొచ్చేసరికి బడి ఆటో వెళ్లిపోయింది. ‘ఇన్ ఇంగ్లీష్’ అన్నారావిడ. వాడు కాసేపు గోడవైపు చూసి, తనకున్న ఆస్తంతా బయటికి తీసి పేర్చాడు. ‘బఫెలో... మేయ్ కమిన్... కోకోనట్ టీచర్’ అన్నాడు. తరగతి ఘొల్లుమంది. ఆ గేదె ఒక్కటే ఎవర్నీ అడక్కుండా తోటలోకి వెళ్లింది, దాన్నీ వీడు మర్యాదస్తురాల్ని చేసిపెట్టాడు.

చూశారా, ఆ పిల్లవాడికి నేర్పింది గుమ్మం దగ్గరి వాక్యం ఒక్కటే. లోపలికొచ్చాక తన గేదె గురించి, తన తల్లి గురించి చెప్పుకోవడానికి మాట లేదు. మూత్రానికి వెళ్లడానికి ఇంకో వాక్యం నేర్పుతారు, అదీ పర్మిషన్ వాక్యమే. పదేళ్ల చదువులో పిల్లల నోట ధారాళంగా వచ్చే ఇంగ్లీషు రెండే రకాలు: లోపలికి రానా, బయటికి పోనా. ముప్పై రోజుల కాగితం చేసిందల్లా ఆ మొదటి రకాన్ని ఇరవై ముక్కలు చేసి అమ్మడం.

మరి ఈ వాక్యం మనకి ఇంత బాగా ఎందుకు అంటుకుంది? ఇంగ్లీషులో ఇంతకంటే పనికొచ్చే వాక్యాలు లక్ష ఉండగా, బళ్లన్నీ ఏరికోరి దీన్నే ఎందుకు పట్టుకున్నాయి? నాకు తోచింది చెబుతాను. ఇది ఇంగ్లీషువాడు నేర్పిన విద్య కాదు. మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టడం మన సొంత విద్య, దానికి ఇప్పుడు టై కట్టాం.

పాత మండువా లోగిళ్లు చూసినవాళ్లకి తెలుసు. వీధి గేటు, ముంగిలి, అరుగు, సావిడి, వసారా, మండువా, దేవుడిగది, వంటిల్లు. ఎవరు ఎంతదాకా రావచ్చో ఎవరూ కాగితం మీద రాయలేదు, రాయక్కర్లేకపోయింది. ఫలానావారు అరుగు దాకా, ఫలానావారు ముంగిట్లో నేలమీద, ఫలానావారు పెరటివైపు నుంచి, ఫలానావారు గేటు బయటినుంచే ‘బాబుగారండీ’ అని కేకెయ్యాలి. లోపలినుంచి పలుకు వచ్చేదాకా ఎండలో నిలబడాలి. మేయ్ కమిన్ సార్ అన్నమాట అది. తేడా ఒకటే, అప్పట్లో ‘యస్ కమిన్’ అనే జవాబు కొందరికి జన్మలో వచ్చేది కాదు.

ఎంట్రీ అన్న ఇంగ్లీషు ముక్కకి ఈ నేలమీద ఒకసారి నిజంగా పనిపడింది. 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం పేరులోనే టెంపుల్ ఎంట్రీ అని ఉంది. కోనసీమ అప్పుడు మద్రాసు కిందే. గుళ్లోకి హరిజనులు వెళ్లడానికి శాసనసభ చట్టం చెయ్యాల్సివచ్చిన దేశంలో, ‘తెలుగులో ఒక్కటే మాట ఉంది కాబట్టి మనం బయట ఉండిపోయాం’ అని కాగితం రాయడానికి ఎంత ధైర్యం ఉండాలి! బయట ఉండిపోయినవాళ్లు మాటలు చాలక ఉండిపోలేదు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారు ‘పాలేరు’ నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని ఆఫీసరవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పశువుల దగ్గర్నుంచి బడికి మళ్లించిన తల్లిదండ్రులున్నారని పెద్దలు చెబుతారు. చదువు తలుపు తీస్తుందంటే నాకు అభ్యంతరం లేదు. ఇంగ్లీషు తీస్తుందన్నా లేదు. ఆ పేరు చెప్పి తలుపు బొమ్మ అమ్మడం మీదే నా కోపం.

నాసిక్‌లో కాలారాం గుడి ముందు 1930లో సత్యాగ్రహం మొదలెట్టిన అంబేడ్కర్ ఇంగ్లండులో చదివిన బారిష్టరు. ఆయనకి ఇన్‌స్టిట్యూట్ కాగితంలో ఉన్న మాటలన్నీ వచ్చు, గుడి తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆయన పేరు కోనసీమ జిల్లాకి పెట్టొద్దని 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మనందరం చూశాం. ఒక మంత్రి ఇల్లూ, ఒక ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఆవేళ ఎవరూ గుమ్మం దగ్గర ఆగి ఏ భాషలోనూ పర్మిషన్ అడగలేదు. కాగితం ప్రకారం చూస్తే దాన్ని బార్జ్ ఇన్ అనాలా, బ్రేక్ ఇన్ అనాలా? ఆ సాయంత్రం బ్యాచ్‌లో ఈ సందేహం ఎవరైనా అడిగారో లేదో!

కాగితంలో ట్రెస్‌పాస్ అన్న మాట కూడా ఉంది. ఎదురుగా ‘పరాయి పొలంలోకి’ అని అర్థం. రాసినాయన కనుమనాడు జగ్గన్నతోట వెళ్లలేదని తెలిసిపోతోంది. మొసలపల్లి దగ్గర ఆ తోటలోకి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలొస్తాయి. రోడ్డు చూసుకుని రావు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నదిలో దిగుతాయి. గుండెలోతు నీళ్లలో భుజాల మీద ప్రభ, కింద జారే బురద, ‘శరభ శరభ’ అని కేకలు, గట్టుమీద జనం ఊపిరి బిగబట్టి చూడటం. ఒడ్డెక్కాక తిన్నగా నాట్లేసిన చేలల్లోంచి నడుస్తారు. మోకాలెత్తు పైరు పాదాల కింద నలుగుతుంది. చేను గలాయన కర్ర తీసుకుని రాడు. మా చేను మీదుగా రుద్రుడు వెళ్లాడని చెప్పుకుంటాడు. మా చేలోంచి ఎందుకు రాలేదని పక్కాయన మొహం మాడ్చుకుంటాడు. దీనికి ఇంగ్లీషు మాట వెతకడం నా వల్ల కాదు, వెతికినా బోర్డు మీద రాయడానికి పనికిరాదు.

బోర్డు మీద రాసేది వేరే ఉంది. చమురు బావుల చుట్టూ ఇనుపకంచెకి తగిలించి ఉంటుంది, లోపలికొస్తే కేసు పెడతామని, చక్కటి ఇంగ్లీషులో. కొబ్బరిచెట్లు దింపేవాడూ, గడ్డికోసుకునే మనిషీ చదవాల్సిన బోర్డు, వాళ్లకి రాని భాషలో. సరే, లోపలికి మనం వెళ్లం. మరి లోపలున్నది బయటికి రాకూడదని బోర్డు ఎవరికి పెట్టాలి? 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి, 65 రోజులు మండింది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లకి చీకటి పడలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను లీకై, గ్యాస్ ఇళ్లలోకి వెళ్లి అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. అది స్టెప్ ఇన్ కాదు, స్నీక్ ఇన్ కాదు. నిద్రలో ఉన్నవాళ్లని ఏ భాషలోనూ అడగలేదు.

అసలు ఇంగ్లీషు కోనసీమలో కాలుపెట్టినప్పుడు ఎవరినైనా అడిగిందా? అల్లవరం పక్క బెండమూర్లంకలో ఈస్టిండియా కంపెనీవాళ్లు 18వ శతాబ్దంలోనే బట్టల వ్యాపారానికి కొట్టు పెట్టారు. మన సాలెవాళ్లు నేసిన గుడ్డ బేళ్లు కట్టి ఓడల్లో ఎక్కించుకుపోయారు. 1757లో ఫ్రెంచి సేనాపతి బుస్సీ వచ్చి ఆ కొట్టు లాక్కున్నాడు. మళ్లీ ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. మన ఇంట్లో దూరడానికి ఇద్దరు పరాయివాళ్లు తన్నుకుంటుంటే, ఇంటివాడు గుమ్మంలో నిలబడి చూశాడు. అప్పుడు వాళ్లు అడగని మేయ్ కమిన్‌ని ఇప్పుడు ఇంటివాడి మనవలు బట్టీ పడుతున్నారు.

ఇక లోపలికి వెళ్లడమంటే ఏమిటో నిజంగా తెలిసినవాళ్ల సంగతి. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు ఏ వీధిలో అడిగినా ఒక ఆడమనిషి కోయిటాలోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటుంది. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఇసిఆర్ అని పడుతుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్సు లేకుండా అక్కడి పనికి విమానం ఎక్కకూడదు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి ముప్పై ఏళ్లు నిండాలని నిబంధన. నిబంధన ఒకటుంటే దాని పక్కన ఏజెంటు ఒకడుంటాడు. విజిట్ వీసా మీద పంపేస్తాడు. దిగినచోట పాస్‌పోర్టు సేటు బీరువాలోకి వెళ్లిపోతుంది. ఎంట్రీ ముద్ర పడిన మనిషికి ఎగ్జిట్ ఎప్పుడో సేటుకే తెలుసు.

వీళ్లలో ఎవరూ స్టెప్ ఇన్ నేర్చుకుని వెళ్లలేదు. ఆ ఇళ్లలో ఇంటావిడ ‘మామా’, ఇంటాయన ‘బాబా’. ‘తాల్’ అంటే రా, ‘రూ’ అంటే పో. రోజులో ఎక్కువ భాగం ఈ రెండు మాటల మధ్యే. మిగతా అరబ్బీ అంతా వంటింట్లో గిన్నెలు తోముతూ, పిల్లల్ని ఎత్తుకుంటూ, తిట్లు తింటూ నేర్చుకున్నదే. ముప్పై రోజుల కోర్సు కాదు, మొదటి నెల ఏడుపే కోర్సు. తిరిగొచ్చాక వాళ్లు ఫోనులో పాత యజమానురాలితో గలగలా మాట్లాడుతుంటే వినండి. ఎక్కడా ఆగరు, వ్యాకరణం కోసం గోడవైపు చూడరు. పరభాష వచ్చినవాళ్లంటే వాళ్లు. అయినా మన లెక్కలో వాళ్లు చదువురానివాళ్లే, ఎందుకంటే వాళ్లకి వచ్చిన పరభాషకి ఫ్లెక్సీ లేదు. ఈ కథలో ఇంకో తమాషా ఉంది. మేయ్ కమిన్ బడి ఫీజుల్లో ఎన్ని కోయిటా దీనార్లు కలిశాయో లెక్క తీసే నాథుడు లేడు. తల్లి అక్కడ ‘తాల్’ అంటే పరిగెత్తి సంపాదిస్తుంది, కొడుకు ఇక్కడ గుమ్మంలో నిలబడి ఖర్చుపెడతాడు.

ప్రైవేటువాళ్లని ఒక్కళ్లనే ఆడిపోసుకోవడం ధర్మం కాదు. అమెరికా యూనివర్సిటీలో చేరేముందు రాసే టోఫెల్ ఉంది చూశారూ, దాని పిల్ల రూపాన్ని 2023లో మన సర్కారు బళ్లలో మూడో తరగతి నుంచీ మొదలెట్టారు. ప్రభుత్వం మారాక తీసేశారు. పెట్టినప్పుడు పిల్లల్ని అడగలేదు, తీసినప్పుడూ అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి షికాగో గుమ్మం ముందు నిలబెట్టి, కాస్త నిలబడమని చెప్పి, మళ్లీ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. వాడికి ఈలోపు ఎక్కాలు రాలేదు.

సర్కారు బళ్లలో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరుంది. సంతోషం. ఆవిడ లంకల గన్నవరం మనిషి, 1909లో కాలం చేశారు. గోదావరి దాటి వేళకాని వేళ వచ్చినవాడికి కూడా కులం అడక్కుండా విస్తరేసి అన్నం పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓసారి అంతర్వేది దర్శనానికి బయల్దేరి, దారిలో ఎవరో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ‘సీతమ్మగారింటికెళ్తే అన్నం పెడతారు’ అని పెద్దవాళ్లు ఊరుకోబెట్టడం విని, పల్లకీ వెనక్కి తిప్పించేశారట. దేవుడి గుమ్మం కంటే తన గుమ్మంలోకి రాబోయేవాడే ముఖ్యమనుకున్న మనిషి. ఆవిడ పేరు చెప్పి పెట్టే అన్నం తిని చెయ్యి కడుక్కుని, పిల్లలు మళ్లీ వరసగా వెళ్లి గుమ్మంలో నిలబడుతున్నారు. మేయ్ కమిన్ టీచర్. సీతమ్మగారింటి వాకిట్లో నిలబడి ఈ వాక్యం అన్నవాణ్ణి ఆవిడ ఏమనేవారో నాకు తెలుసు. ‘ముందు కాళ్లు కడుక్కుని విస్తట్లో కూర్చో, తర్వాత మాట్లాడుదువుగాని’ అనేవారు.

ఇంగ్లీషు బాగా వస్తే లోపలికి వెళ్లొచ్చన్న సిద్ధాంతానికి కోనసీమలో ఇంకా పెద్ద పరీక్ష ఒకటి నడుస్తోంది. కాకినాడ నుంచి కోటిపల్లికి పూర్వం రైలుండేది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. 2004కి మళ్లీ వేశారు. రైలు కోటిపల్లి దాకా వచ్చింది, గౌతమి ఒడ్డున ఆగింది. అటుపక్క కోనసీమ. గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటి అమలాపురం మీదుగా నరసాపురం దాకా పోవాల్సిన ఆ లైను 2000-01లో మంజూరైంది. లోక్‌సభ స్పీకరుగా ఉండగా దానికోసం తిరిగిన బాలయోగిగారు 2002లో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. నదిలో స్తంభాలు లేచాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ స్తంభాల దగ్గర ఫొటోలు దిగారు. స్తంభాలమీద కొంగలు వాలుతున్నాయి, వాటికి మంజూరు అక్కర్లేదు.

పాతికేళ్లుగా ఆ లైను మీద రాసిన ఉత్తరాలు, వినతిపత్రాలు, సర్వే రిపోర్టులు, పార్లమెంటులో ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ ఇంగ్లీషే. ఎక్కడా అచ్చుతప్పు లేదు, ఎంటర్ ఇంటూ అని రాసినవాడు లేడు. అమలాపురం స్టేషనులో రైలు కూత ఎప్పుడు వినిపిస్తుందని అడిగితే, ‘అండర్ యాక్టివ్ కన్సిడరేషన్’ అని జవాబు. ముప్పై రోజుల మాస్టారిని అడిగాను, దీనికి తెలుగేమిటండీ అని. ఆయన చాలా మర్యాదగా, ‘అది అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటుందండి, ఫీజు వేరే’ అన్నాడు.